ఫిజీ నిజంగా మునిగిపోతోందా? అబ్బాయికి నాడిలో ఉద్యోగం వచ్చింది, ఇంట్లో గొడవ

#1 గోదారిగట్టు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా చిన్నోడికి ఫిజీలో, నాడి అనే ఊళ్లో, ఓ హోటల్లో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. మూడేళ్ల కాంట్రాక్టు. జీతం బాగానే ఉంది. కానీ మా ఆవిడ రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు. ఫోన్లో ఎవరో "మునిగిపోతున్న దేశాలు" అని వీడియో పంపారు. అందులో ఫిజీ పేరు కూడా ఉంది. "ఏటా ఈ గోదారి వరద చూస్తున్నది చాలదా, ఇప్పుడు వాణ్ణి సముద్రం మధ్యలోకి పంపుతావా" అని ఒకటే పోరు.

నాకూ సగం భయమే, సగం ఆసక్తి. అక్కడ ఊళ్లకు ఊళ్లే ఎత్తేసి కొండ మీదికి మారుస్తున్నారని చదివాను. ఏ ఊరు కదలాలి, ఏది ఉండొచ్చు అని తేల్చేదెవరు? మన దగ్గర ఒక పోలేరమ్మ గుడిని పక్కకి జరపాలంటేనే పదేళ్లు పడుతుంది! ఆ దేశం సంగతి తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

#2 అనుమానాల పుట్ట | ఆదివారం రాత్రి 9:40

ఏం మునగదండీ. వీడియోలవాళ్లకి వ్యూస్ కావాలి, ఆ దేశాలకి నిధులు కావాలి. నిశ్చింతగా పంపండి.

#3 లౌటోక లెక్కలు | ఆదివారం రాత్రి 11:55

గోదారిగట్టు గారూ, నేను లౌటోకలో ఆరేళ్లున్నాను. నాడికి అరగంట ప్రయాణం. ముందు ఓ చిన్న మాట. ఆ ఊరి పేరు రాసేది "నాడి", పలికేది "నాండి". ఫిజీ భాషలో డకారం ముందు నకారం దానంతటదే వస్తుంది, బకారం ముందు మకారం. అందుకే "బా" అని రాసి "ంబా" అంటారు. మీవాడు విమానం దిగి "నాడి" అన్నాడంటే కొత్తవాడని టాక్సీవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. ఫిజీ మునగదు. అలాగని అంతా బాగుందనీ కాదు. అనుమానాల పుట్ట గారు చెప్పినది సగమే నిజం.

ఫిజీ అంటే మాల్దీవుల్లాగా ఇసుక దిబ్బలు కాదు. మూడొందల పైచిలుకు దీవులున్నాయి, వాటిలో కాస్త అటూ ఇటుగా వంద దీవుల్లో జనం ఉంటారు. విటి లెవు, వనువా లెవు అనే పెద్ద దీవులు రెండూ అగ్నిపర్వతాల నుంచి పుట్టినవే. తొమనివి శిఖరం ఎత్తు 1,324 మీటర్లు. అది మునగాలంటే మనమంతా అంతకు ముందే పోవాలి. కాకపోతే జనం ఉండేది కొండ మీద కాదు. ఊళ్లూ, రోడ్లూ, హోటళ్లూ, చెరకు తోటలూ, చక్కెర మిల్లులూ దాదాపు అన్నీ ఒడ్డునే. నేల మునగక్కర్లేదు. బావిలో ఉప్పు దిగితే చాలు, ఊరు బతకదు.

నేనున్నప్పుడు ఓ సర్వే స్నేహితుడితో కలిసి వనువా లెవులో ఒక ఒడ్డు ఊరికి వెళ్లాను. అక్కడ ఊళ్లోకి నేరుగా నడిచి వెళ్లిపోవడం మర్యాద కాదు. యంగోనా (కవా అనీ అంటారు) మొక్క వేళ్ల కట్ట పట్టుకెళ్లి పెద్దమనిషి ముందు పెట్టాలి. వాళ్లు దాన్ని దంచి, నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పతో అందిస్తారు. చూస్తే బురద నీళ్లలా ఉంటుంది, నాలుక కాస్త తిమ్మిరెక్కుతుంది. అది తాగాకే మాటలు. మావాడి దగ్గర జీపీఎస్ పరికరం ఉంది, అచ్చేసిన ప్రశ్నాపత్రం ఉంది. ఓ ముసలాయన అవేమీ పట్టించుకోలేదు. లేచి మమ్మల్ని నీటి అంచుకి తీసుకెళ్లి, మోకాలి లోతులో నిలబడి, కాలితో కిందేదో తడిమి చూపించాడు. రాతి పునాది. "మా నాన్న వంటపాక ఇది" అన్నాడు. తర్వాత ఒడ్డు మీద మూడు కొబ్బరి చెట్లు చూపించాడు. మొదటి దానికి మొవ్వు లేదు. రెండోదాని ఆకులు పసుపు తిరిగాయి. మూడోది బాగానే ఉంది. "దీని వంతు వచ్చేలోపల మీ కాగితం వస్తుందా?" అని అడిగాడు. మావాడు తల దించుకుని ప్రశ్నాపత్రం నింపుకున్నాడు.

ఏ ఊరు కదలాలో ఎవరు తేలుస్తారన్నది పెద్ద కథ. రేపు రాస్తాను, నిద్ర ముంచుకొస్తోంది.

#4 రిటైర్డ్ ఏఈ సాబ్ | సోమవారం ఉదయం 6:20

లెక్కలు గారు మంచిగ జెప్పిండ్రు. నేను నీళ్ల శాఖల ముప్పై రెండేండ్లు జేసిన. ప్రాజెక్టుల కింద ముంపు ఊర్లను లేపుడు నా కండ్ల ముందట జూసిన. మాకు పని అల్కగుండె. ఎఫ్‌ఆర్‌ఎల్ అంటే జలాశయం నిండితే నీళ్లుండే మట్టం. గా గీత గీస్తే దాని లోపలున్నదంత ముంపే. సముద్రానికి ఎఫ్‌ఆర్‌ఎల్ ఏడిది? రేపొక తీరు, ఎల్లుండొక తీరు ఉంటది. మరి గీత ఏడ గీస్తరు వాళ్లు? గదొక్కటి జెప్పుండ్రి.

#5 లౌటోక లెక్కలు | సోమవారం మధ్యాహ్నం 1:30

ఏఈ సాబ్, సరిగ్గా మెలిక ఉన్న చోటే పట్టుకున్నారు. గీత లేదు. గీత ఒక్కటే సరిపోదని అక్కడివాళ్లకి అనుభవం మీద తెలిసింది.

లెక్కలు లేక కాదు. లౌటోక రేవులో 1990ల నుంచీ సముద్రమట్టం కొలిచే పరికరం పనిచేస్తోంది. ఆస్ట్రేలియా సాయంతో పసిఫిక్ దేశాల్లో పెట్టినవాటిలో అదొకటి. 2017లో ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు కలిసి దేశం మొత్తానికీ ఓ పెద్ద అంచనా వేశాయి. తుపాన్లూ వరదలూ కలిపి సగటున ఏడాదికి 50 కోట్ల ఫిజీ డాలర్ల పైన ఆస్తి నష్టమని తేలింది. అంటే దేశ ఆదాయంలో 5 శాతం దాటి. తట్టుకునేలా తయారవ్వాలంటే పదేళ్లలో 930 కోట్ల ఫిజీ డాలర్లు కావాలన్నారు. అది దాదాపు ఆ దేశపు ఒక ఏడాది ఆదాయం మొత్తం. పట్టుమని తొమ్మిది లక్షల జనాభా ఉన్న దేశానికి!

ఊళ్ల విషయానికొస్తే, మొదట కదిలిన ఊరు కథ చెబితే అర్థమవుతుంది. పేరు రాసేది వునిడోగొలోవా, పలికేది "వునిండోంగొలోవా". వనువా లెవులో నటేవా అఖాతం పక్కన ఉండేది. పెద్ద పోటు వస్తే నీళ్లు ఇళ్లలోకి వచ్చేవి. అడ్డుగోడ కట్టారు, నిలవలేదు. ఊరివాళ్లే వెళ్లి ప్రభుత్వాన్ని అడిగారు. మాటలు, మంతనాలు, ఏళ్లు గడిచాయి. 2014 మొదట్లో సుమారు రెండు కిలోమీటర్లు లోపలికి, మెరక మీదికి మారారు. ముప్పై ఇళ్లు, నూటయాభై మందికి లోపే జనం. కలప ఊరివాళ్లే తమ అడవిలోంచి కొట్టి ఇచ్చారు, ఖర్చులో నాలుగో వంతు దాకా దాని విలువే. కొత్త ఊరికి కెనాని అని పేరు పెట్టుకున్నారు. బైబిల్లో దేవుడు మాటిచ్చిన నేల పేరది.

ఇప్పుడు మెలిక. ఆ కొత్త చోటు వాళ్లదే. ఫిజీలో నేల దాదాపు తొంభై శాతం తెగల ఉమ్మడి ఆస్తి. తెగ అంటే వాళ్ల మాటలో "మతంగలి". అమ్మడానికి లేదు, కొనడానికి లేదు. ఈ ఊరికి ఒడ్డూ వాళ్ల తెగదే, మెట్టా వాళ్ల తెగదే. అందుకని కదిలారు. మెట్ట పక్క తెగవాళ్లదైతే? అప్పుడు సముద్రమట్టం కన్నా ముందు ఇద్దరు పెద్దమనుషుల మధ్య మట్టం కుదరాలి. అక్కడ ఊరు మారడం సముద్రం కన్నా భూమి మీదే ఎక్కువ ఆధారపడుతుందని నేను ఆరేళ్లలో గమనించింది.

#6 అనుమానాల పుట్ట | సోమవారం మధ్యాహ్నం 2:05

ముప్పై ఇళ్ల కోసం ప్రపంచమంతా ఇంత గోలా? మా వీధిలోనే అరవై ఇళ్లున్నాయి.

#7 ఉప్పాడ కెరటం | సోమవారం సాయంత్రం 5:48

పుట్ట గారూ, మీ వీధి ఒడ్డున ఉందా? లేదు కదా.

మాది ఉప్పాడ. చిన్నప్పుడు మేం క్రికెట్ ఆడిన చోట ఇప్పుడు వల వేస్తున్నారు. మా దగ్గర జియో ట్యూబ్ గోడ కట్టారు, అదే, పెద్ద పెద్ద సంచుల్లో ఇసుక నింపి వరసగా పేర్చారు. బాగుందనుకున్నాం. ఏటేటా తుపాన్లకి చిరిగి, జారి, రోడ్డు మళ్లీ కోసుకుపోతూనే ఉంది. కాకినాడ వైపు వెళ్లే రోడ్డు మీద కెరటం పడుతుంటే బస్సు ఆగి, లెక్కపెట్టుకుని, రెండు కెరటాల మధ్య దూసుకుపోవడం మాకు మామూలే.

ఫిజీలో గోడ ఎందుకు నిలవలేదో లెక్కలు గారు చెప్పగలరా? మాకు తెలిసింది ఒక్కటే. గోడ కట్టిన చోట ఆగుతుంది, గోడ ఆగిన చోట తినేస్తుంది.

#8 లౌటోక లెక్కలు | సోమవారం రాత్రి 8:15

కెరటం తమ్ముడూ, అక్కడా అచ్చం అదే. పైగా ఇంకో తంటా కూడా. కొండ మీంచి వాన నీళ్లు దిగుతాయి కదా. గోడ కట్టాక ఆ నీళ్లు సముద్రంలోకి పోలేక గోడ వెనకే మడుగు కడతాయి. ఇటు ఉప్పునీళ్లు ఆపబోయి అటు వాననీళ్లలో మునిగిన ఊళ్లున్నాయి. అందుకే ఈ మధ్య రాళ్లు పేర్చి, వాటి వెనక వట్టివేళ్ల గడ్డి, ముందు మడ మొక్కలు పెట్టే పద్ధతికి మారుతున్నారు. వట్టివేళ్లంటే మనం వేసవిలో తడికెలు కట్టే వట్టివేళ్లే. నాకది చూసి ముచ్చటేసింది.

మంచి ఉద్దేశంతో చేసి చెడగొట్టిన సంగతీ చెప్పాలి. కడవు దీవుల దగ్గర ఓనో అనే దీవిలో నారికొసో అని ఓ ఊరుంది. ఊరు వెనక్కి జరపాలని సైన్యం ఇంజనీర్లొచ్చి కొండ పక్క చదును చేశారు. ముందు సరిగ్గా పరిశీలన జరగలేదు. మట్టి కొట్టుకొచ్చి రీఫ్ (పగడపు దిబ్బ) మీద పడింది, పని ఆగిపోయింది. చివరికి యూరోపియన్ యూనియన్ సాయంతో 2020లో నీటికి మరీ దగ్గరగా ఉన్న ఏడు ఇళ్లు మాత్రమే వెనక్కి వెళ్లాయి. మిగతా ఊరు అక్కడే. ఒక ఊరు రెండు ముక్కలు.

ఇలాంటివన్నీ చూశాకే 2018లో మార్గదర్శకాలు రాశారు, 2023లో వాటికి అడుగడుగునా ఏం చెయ్యాలో చెప్పే పెద్ద పుస్తకం తెచ్చారు. మధ్యలో 2021లో వాతావరణ మార్పుల చట్టం. సారాంశం: ఊరు అడగాలి, ఊరు ఒప్పుకోవాలి, కొత్త చోటి మట్టీ నీళ్లూ ముందే పరీక్షించాలి, ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ పిల్లల్నీ విడిగా అడగాలి, మిగతా దారులన్నీ మూసుకుపోయాకే కదపాలి.

#9 రిటైర్డ్ ఏఈ సాబ్ | మంగళవారం ఉదయం 6:05

ఆడోళ్లను విడిగ అడగాలె అన్నది శానా మంచి మాట. మేం కట్టిన పునరావాస కాలనీల ఇండ్లు సూడనీకి ముద్దుగుండె. ఒక ముసలామె వచ్చి "బిడ్డా, కట్టెల పొయ్యి ఏడ వెట్టాలె, బర్రెను ఏడ కట్టాలె" అని అడిగితే నా తాన జవాబు లేకుండె. ప్లాన్ల బర్రె లేదు మరి.

#10 లౌటోక లెక్కలు | మంగళవారం ఉదయం 7:30

సాబ్, మీరు నమ్మరు. వునిండోంగొలోవాలో కట్టిన కొత్త ఇళ్లకీ వంటిల్లు లేదు! అక్కడ వంటపాక ఇంటికి విడిగా ఉంటుంది, కట్టెల పొయ్యి కదా. ప్లాన్ గీసినవాళ్లు ఆ సంగతే మర్చిపోయారు. తర్వాత ఊరివాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రేకులతో వేసుకున్నారు.

#11 మంగ, ఆక్లాండ్ | మంగళవారం మధ్యాహ్నం 12:10

ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నా, ఇక ఉండబట్టలేదు. మా అత్తగారి వైపు ఫిజీ తెలుగువాళ్లు. మా మామయ్యగారి తాత మద్రాసు రేవులో ఓడెక్కాడట. 1903 నుంచి 1916 దాకా దక్షిణాది నుంచి అలా వెళ్లినవాళ్లు పదిహేను వేల దాకా ఉంటారు. అక్కడ తమిళులైనా, తెలుగువాళ్లైనా, మలయాళీలైనా అందరూ "మద్రాసీ"లే. మామయ్యగారికి తెలుగులో వచ్చింది "రా", "కూకో", "తిన్నావా" ఇంతే. మిగతాదంతా ఫిజీ హిందీ. కానీ ఉగాదికి పచ్చడి చెయ్యకపోతే ఊరుకునేవారు కాదు.

లెక్కలు అన్నయ్యగారు నేల గురించి చెప్పారు కదా. అందులో మావాళ్ల కథ రాలేదు. చెబుతాను.

చెరకు పండించేది ఎక్కువగా మనవాళ్లే, నేల అక్కడి తెగలది. కౌలు ముప్పై ఏళ్లు. 1976 చట్టం కింద రాసుకున్నవి 1990ల చివర్లో వరసగా గడువు తీరడం మొదలైంది. చాలామందికి తిరిగి రాయలేదు. ఇల్లు కట్టుకున్న నేలే పోయింది. అలా వచ్చేసినవాళ్లు ఎక్కడికెళ్లారు? సువా చుట్టూ, నాండి చుట్టూ, లౌటోక చుట్టూ, ఎవరూ అక్కరలేదన్న చోట్లకి. అంటే ఏటి ఒడ్డు, మడ అడవి అంచు, పల్లపు నేల. వరదొస్తే ముందు మునిగేవి అవే. మీరు చెబుతున్న పుస్తకం చాలావరకు "ఊరు" అనుకుని రాసింది. తెగ ఉన్న ఊరు, పెద్దమనిషి ఉన్న ఊరు. మావాళ్లవి ఊళ్లు కాదు, "సెటిల్‌మెంట్లు". యంగోనా ఎవరి ముందు పెడతారు?

మా మామయ్యగారి కౌలు అదృష్టంకొద్దీ తిరిగి రాశారు. రకిరకి దగ్గర. అప్పుడొచ్చింది విన్‌స్టన్.

#12 గోదారిగట్టు | మంగళవారం మధ్యాహ్నం 12:45

మంగ గారూ, విన్‌స్టన్ అంటే 2016 తుపానేనా? మా ఆవిడ పక్కనే కూర్చుని చదివిస్తోంది. చెప్పండమ్మా.

#13 మంగ, ఆక్లాండ్ | మంగళవారం మధ్యాహ్నం 3:20

అదేనండీ. 2016 ఫిబ్రవరి 20, శనివారం సాయంత్రం. దక్షిణార్ధగోళంలో ఒడ్డు దాటినవాటిలో అంత బలమైనది అప్పటిదాకా నమోదు కాలేదు. 44 మంది పోయారు. మావాళ్లు పిల్లల్నీ ముసలివాళ్లనీ మంచం కింద పెట్టి, తలుపుకి పరుపు ఆనించి, నలుగురూ వీపులు పెట్టి నెట్టుకుని నిలబడ్డారట. మొదట రేకులు ఒక్కొక్కటే లేచాయి. మేకులు పీకే చప్పుడు విడివిడిగా వినపడిందని, అది ఇప్పటికీ చెవిలో ఉందని అత్తయ్యగారు అంటారు. తెల్లారి చూస్తే కొండ గోధుమ రంగులో ఉందట. ఒక్క ఆకు లేదు. చెరకు నేలకి అంటుకుపోయింది. ఊళ్లో పెనాంగ్ చక్కెర మిల్లు దెబ్బతిని, మళ్లీ తెరవలేదు. అప్పటినుంచీ చెరకు లారీల్లో బా మిల్లుకి తోలుకోవాలి.

ఆ దేశం ఏం చేసిందన్నారు కదా. రెండు సంగతులు నాకు బాగా నచ్చాయి. ప్రావిడెంట్ ఫండ్‌లోంచి సభ్యులెవరైనా వెయ్యి డాలర్లు, ఇల్లు పోయినవాళ్లు ఐదు వేలు తీసుకోవచ్చన్నారు. అప్పటికే పింఛను, పేదల భృతి తీసుకుంటున్నవాళ్లకి అదే ఖాతాలో అదనంగా వేసేశారు. కొత్త జాబితా, కొత్త దరఖాస్తు లేదు. డబ్బు వారాల్లో చేతికొచ్చింది.

రెండోది ఇంటికి కార్డు. నష్టాన్ని బట్టి 1,500, 3,000, 7,000 డాలర్లు. దాంతో హార్డ్‌వేర్ కొట్లో సామాను కొనుక్కుని ఎవరిల్లు వాళ్లే కట్టుకోవాలి. మామయ్యగారికి ఏడు వేల కార్డొచ్చింది. కానీ దేశమంతా ఒకేసారి రేకులు కొంటుంటే సామానెక్కడిది! ఊళ్లోని కొట్టువాడు డబ్బు కార్డులోంచి కోసేసుకుని "ఓడ రావాలి" అన్నాడు. మామయ్యగారు బస్సెక్కి పదకొండుసార్లు తిరిగారు. రేకులు ముందొచ్చాయి, కలప తర్వాతొచ్చింది, తుపాను పట్టీలు రానే లేదు. పైకప్పు వాసాలని గోడకి బిగించే ఇనప పట్టీలండీ. అసలు పనికొచ్చేది అదే. చివరికి మా ఆయన ఇక్కణ్ణుంచి సూట్‌కేసులో పట్టుకెళ్లాడు. విమానాశ్రయంలో కస్టమ్స్ అబ్బాయి సూట్‌కేసు తెరిచి చూసి, ఏమీ అడక్కుండా మూసేసి, "మా అమ్మ వాళ్లింటికీ ఇవే కావాలి" అన్నాడట.

#14 ఉప్పాడ కెరటం | మంగళవారం సాయంత్రం 4:02

అక్కా, మేకుల చప్పుడు మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

#15 అనుమానాల పుట్ట | మంగళవారం రాత్రి 9:30

మంగ గారి అనుభవం మీద నాకేం మాట లేదు. తుపాన్లు ఎప్పుడూ ఉన్నాయి, మన దివిసీమ 1977 సంగతి అందరికీ తెలుసు. నా ప్రశ్న వేరు. తువాలు అని పసిఫిక్‌లో ఓ చిన్న దేశం ఉంది, దాని దీవుల మీద 2018లో ఓ పరిశోధన వచ్చింది. నాలుగు దశాబ్దాల ఫోటోలు పెట్టి చూస్తే 101 దీవుల మొత్తం విస్తీర్ణం 2.9 శాతం పెరిగింది! తగ్గలేదు, పెరిగింది. మరి మునుగుడు ఎక్కడ? జవాబు చెప్పండి.

#16 లౌటోక లెక్కలు | మంగళవారం రాత్రి 10:50

ఆ పరిశోధన నిజమే, నేనూ చదివాను. దాన్ని దాచిపెట్టి మాట్లాడేవాళ్లంటే నాకూ చిరాకే. కెరటాలు రీఫ్ ముక్కలనీ ఇసుకనీ తెచ్చి పోస్తాయి, దీవి ఒక వైపు తరిగి ఇంకో వైపు పెరుగుతుంది, జరుగుతుంది. నేల చచ్చిన రాయి కాదు. మన గోదావరి లంకలు చూడండి, ఒకటి కోసుకుపోతే ఇంకొకటి మేట వేస్తుంది. మొత్తం కలిపితే లంక భూమి పెరిగిందనుకోండి, ఇల్లు కోతలో పోయినవాడికి ఆ లెక్క చూపించి "పెరిగింది కదయ్యా" అంటామా?

విస్తీర్ణం ఒకటి, బతకడం ఒకటి. కొత్తగా పడ్డ ఇసుక మీద చేమదుంప పండదు, తాగునీళ్లు దొరకవు. తువాలువాళ్లు చూస్తూ కూర్చోలేదు. రాజధాని ఫునాఫుటిలో సముద్రాన్ని పూడ్చి ఏడు హెక్టార్లకి పైగా మెరక నేల తయారుచేసుకున్నారు. ఇంకోపక్క ఆస్ట్రేలియాతో 2023లో ఒప్పందం రాసుకున్నారు, ఏటా 280 మంది వెళ్లి స్థిరపడొచ్చు. నేలా పెంచుకున్నారు, తలుపూ తీసి పెట్టుకున్నారు. కిరిబాటి అనే ఇంకో దీవుల దేశం 2014లో ఏకంగా ఫిజీలోనే, వనువా లెవులో, దాదాపు 20 చదరపు కిలోమీటర్ల ఎస్టేటు కొంది.

#17 రిటైర్డ్ ఏఈ సాబ్ | బుధవారం ఉదయం 5:50

ఆగుండ్రి. నేల అమ్మనీకి లేదంటిరి, మరి కిరిబాటోళ్లు ఎట్ల గొన్నరు?

#18 లౌటోక లెక్కలు | బుధవారం ఉదయం 7:10

హహ, పట్టేశారు సాబ్. తెల్లవాళ్ల కాలంలోనే అమ్ముడైపోయిన కొంత నేలుంది, పది శాతం లోపు. దాన్ని ఫ్రీహోల్డ్ అంటారు, దాన్ని మాత్రం కొనొచ్చు. ఆ ఎస్టేటు చర్చివాళ్ల చేతిలో ఉండేది. అలాంటి నేలలో కొంత ఎప్పుడో రిసార్టుల చేతికి పోయింది. మంగ చెల్లెమ్మ చెప్పిన సెటిల్‌మెంటు వాళ్లు ఆ ధరకి ఎక్కడ కొంటారు?

ఆవిడ అన్నది నిన్నంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. నేను ఊళ్లూ, తెగలూ అంటూ చెప్పుకుపోయాను. లౌటోకలో మా ఆఫీసులో ఊడ్చే ఆమె మడ అంచున రేకుల ఇంట్లో ఉండేది. పోటు రోజున చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేది. అది కూడా ఇదే కథని అప్పుడు నాకు తట్టలేదు.

నావువా దగ్గర తొంగోరు అనే చోటుంది. ఫోటోల్లో చూసే ఉంటారు, పోటు నీళ్లలో నిలబడ్డ సమాధులు. ఇళ్లు వెనక్కి జరుపుకుంటూ పోయారు, సమాధుల్ని జరపలేకపోయారు. అదీ సెటిల్‌మెంటే, తెగ ఊరు కాదు.

#19 కాగితం పులి | బుధవారం ఉదయం 10:25

లా చదువుతున్నాను, ఒక్క మాట కలపొచ్చా? డబ్బెవరిస్తారన్న దానికి పసిఫిక్ వాళ్లు కోర్టు దారి కూడా పట్టారు. 2019లో వనువాటు అనే పసిఫిక్ దేశంలో సౌత్ పసిఫిక్ యూనివర్సిటీ లా విద్యార్థులు 27 మంది మొదలుపెట్టిన పని అది. క్లాసురూమ్ చర్చ. వనువాటు ప్రభుత్వం ఎత్తుకుంది, 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానం చేసింది, 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, తప్పితే పరిహారం దాకా వెళ్లొచ్చని. అది సలహా మాత్రమే, డిక్రీ కాదు. అయినా మా ప్రొఫెసర్ క్లాసులో ఆ రోజు పాఠం ఆపేసి ఇదే చదివించారు. ఆ పిల్లలది నా వయసే. నేనింకా సప్లీలు రాసుకుంటున్నాను.

#20 గోదారిగట్టు | బుధవారం మధ్యాహ్నం 1:15

బాబూ పులీ, సప్లీలు రాసుకో, అవీ అవుతాయి.

కోర్టులయ్యేదాకా ఆ దేశం డబ్బెక్కణ్ణుంచి తెస్తోంది? మావాడు అకౌంట్స్ కదా, వాడే అడగమన్నాడు.

#21 లౌటోక లెక్కలు | బుధవారం రాత్రి 8:40

మీవాడికి ఇది ఉద్యోగంలో పనికొచ్చే ప్రశ్నే. 2017లో పర్యావరణం, వాతావరణం పేరుతో ఓ లెవీ పెట్టారు. హోటళ్లూ, రెస్టారెంట్ల బిల్లుల మీద మొదట్లో 10 శాతం. నేను హోటల్ లెక్కలు చూసేవాణ్ణి, ఆస్ట్రేలియా టూరిస్టులు బిల్లు చూసి "ఇదేంటి" అని అడగని రోజు లేదు. తర్వాత రేట్లు మారాయి. 2019లో ఆ లెవీలో కొంత వాటా పక్కన పెట్టి ఊళ్ల తరలింపు కోసం ట్రస్టు నిధి పెట్టారు. అలాంటిది ప్రపంచంలో అదే మొదటిది. న్యూజిలాండ్ మొదట డబ్బు వేసింది. అంతకు ముందు 2017లోనే 10 కోట్ల ఫిజీ డాలర్ల గ్రీన్ బాండ్లు అమ్మారు. ఆ ఏడాదే ప్రపంచ వాతావరణ సదస్సుకి అధ్యక్షత కూడా ఫిజీదే. సదస్సు మాత్రం జర్మనీలో బాన్‌లో జరిగింది. అన్ని వేలమందికి ఫిజీలో చోటెక్కడుంది? అక్కడ "తలనోవా" అనే మాట తెచ్చారు. ఎవరినీ తప్పుపట్టకుండా చుట్టూ కూర్చుని కథలా చెప్పుకోవడం. మన రచ్చబండే అనుకోండి, కాకపోతే అరుపులుండవు.

ఇవన్నీ కలిపినా 930 కోట్లకి ఏ మూలకీ రావు. 2022 నాటికి కదిలిన ఊళ్లు ఆరు. కదలాల్సినవని రాసుకున్నవి 42. ఈ వేగంతో ఎన్నేళ్లో మీవాణ్ణే లెక్కెయ్యమనండి. కదిలినవాటిలో సముద్రంతో సంబంధం లేనివీ ఉన్నాయి. తుకురకి అని కొండల్లో ఊరు. 2012లో కొండచరియ పడి ఓ కుటుంబం పోయింది, అదే ఏడాది చివర్లో ఒక తుపాను, తర్వాత విన్‌స్టన్. 2017లో కొత్త చోటికి మారింది. అంటే పైకెళ్తే చాలు, గండం గడిచిందనుకోవడానికీ లేదు.

#22 అనుమానాల పుట్ట | బుధవారం రాత్రి 9:55

మునుగుడు వీడియోల మీద నా మాట నేను మార్చుకోను. కానీ నిధుల కోసం నాటకం అన్నాను, అది వెనక్కి తీసుకుంటున్నాను. సొంత హోటల్ బిల్లు మీద పన్నేసుకునేవాడు నాటకం ఆడడు.

మంగ గారూ, మీ మామగారు ఇప్పుడెలా ఉన్నారు?

#23 మంగ, ఆక్లాండ్ | గురువారం ఉదయం 8:30

మామయ్యగారు నాలుగేళ్ల కిందట పోయారండీ, అక్కడే. రమ్మంటే రానన్నారు. "కౌలు ఇంకా పద్దెనిమిదేళ్లుంది, వదిలేసి ఎలా వస్తాను" అన్నారు. అత్తయ్యగారు ఇప్పుడు మా దగ్గరే. వాన పడితే లేచి కూర్చుంటారు. ఆక్లాండ్‌లో మాది పెంకుటిల్లు. అయినా లేస్తారు.

గోదారిగట్టు గారూ, మీ ఆవిడ గారికి నా మాటగా చెప్పండి, పంపమనండి. నాండిలో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, సంగం (అక్కడి దక్షిణాది వాళ్ల సంస్థ) వాళ్లున్నారు, పప్పూ చారూ దొరుకుతాయి. వాన మాట ఒక్కటే జాగ్రత్త. 2009 జనవరిలోనూ, 2012లో రెండుసార్లూ నాండి బజారంతా మునిగింది. ఇల్లు మాత్రం చూసి తీసుకోమనండి.

#24 గోదారిగట్టు | శుక్రవారం రాత్రి 9:05

టికెట్టు తీశాం. వచ్చే నెల 14న.

ఇప్పుడు కొత్త తంటా. ఆఫీసువాళ్లు రెండిళ్ల ఫోటోలు పంపారు. ఒకటి బజారుకి దగ్గర, ఏటి వంతెన పక్కన, కింది వాటా, అద్దె తక్కువ. రెండోది విమానాశ్రయం వైపు మెరక మీద, మేడ, అద్దె వంద డాలర్లెక్కువ, ఆఫీసుకి బస్సెక్కాలి. మావాడికి మొదటిదే నచ్చింది. మా ఆవిడ మాత్రం ఫోటో పెద్దది చేసి గోడ మీద వేలు పెట్టి చూపించింది. కిటికీ కింద, మూరెడు ఎత్తున, సున్నం వేసినా కనపడుతూ ఒక గీత. గోదారి ఒడ్డున పుట్టిన మనిషికి అదేం గీతో ఒకరు చెప్పక్కర్లేదు.

ఏఈ సాబ్, మీరడిగిన గీత మా ఆవిడకి దొరికింది. రెండో ఇల్లే ఖాయం చేశాం. లెక్కలు గారూ, తుపాను పట్టీలు ఇక్కడ కాకినాడలో దొరుకుతాయా, లేక అక్కడే కొనుక్కోమంటారా?